చిన్న రూల్ ఎప్పుడు పక్కన పెట్టొచ్చు, ఎప్పుడు ముట్టుకోకూడదు: ఇరవై ఆరేళ్ళు షిఫ్టుల్లో చేసిన అనుభవంతో చెప్తున్నా

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీరు పనిచేసే చోట టెస్ట్ రిపోర్ట్ బయటికి వెళ్ళాలంటే ఇద్దరి సంతకాలు ఉండాలి. ఆ రోజు రెండో సంతకం పెట్టాల్సిన మనిషి సెలవులో ఉన్నారు, అవతల పార్టీ అర్జెంట్ అర్జెంట్ అని ఫోన్ మీద ఫోన్, మీరు లెక్కలు రెండుసార్లు చూసుకుని మీ ఒక్క సంతకంతో పంపేసారు. రిపోర్ట్‌లో తప్పు ఒక్కటి కూడా లేదు, అయినా గట్టిగా చీవాట్లు పడ్డాయి. సీనియర్లు మాత్రం రోజూ ఇలాంటివి చేస్తూనే ఉంటారు, వాళ్ళని ఎవరూ ఏమీ అనరు. మరి ఎప్పుడు రూల్ వినాలి, ఎప్పుడు సొంత బుర్ర నమ్ముకోవాలి అని అడిగారు.

నేను ఒక ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో ఇరవై ఆరేళ్ళు చేసా, అందులో చివరి పద్నాలుగేళ్ళు షిఫ్ట్ ఇంచార్జ్‌గా. చిన్న రూల్స్ చాలా దాటాను, దాటి మంచి పని చేసానని ఇప్పటికీ అనుకునేవి ఉన్నాయి, దాటినందుకు ఇప్పటికీ నిద్రలో లేచి కూర్చునేది ఒకటి ఉంది. రెండూ చెప్తా.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. రూల్స్ మాత్రమే పాటిస్తే ఏ పనీ నడవదు. మీరు వర్క్ టు రూల్ అనే నిరసన గురించి వినే ఉంటారు, సమ్మె చెయ్యరు, డ్యూటీకి వస్తారు, కానీ పుస్తకంలో ఉన్న ప్రతి రూల్‌ని అక్షరం పొల్లు పోకుండా పాటిస్తారు అంతే, దానికే రైళ్ళు ఆలస్యం అవుతాయి, ఆఫీసుల్లో ఫైళ్ళు గుట్టలు పడతాయి. అంటే మామూలు రోజుల్లో పని సాఫీగా జరుగుతోందంటే చేసేవాళ్ళు ఎక్కడికక్కడ తమ బుర్ర వాడుతున్నారనే అర్థం. రూల్ రాసినాయన తన టేబుల్ దగ్గర కూర్చుని మామూలుగా జరిగేవి ఊహించుకుని రాస్తాడు, రాత్రి రెండింటికి మీ ముందు ఏముంటుందో ఆయనకి ఎలా తెలుస్తుంది.

నిజంగా ప్రాణాల మీద నడిచే రంగాల్లో ఈ సంగతి రూల్ పుస్తకంలోనే రాసి పెట్టుకున్నారు. సముద్రం మీద ఓడలు గుద్దుకోకుండా 1972లో చేసుకున్న అంతర్జాతీయ నిబంధనలు ఉన్నాయి, అందులో రెండోదే చెప్తుంది, తక్షణ ప్రమాదం తప్పించడానికి అవసరమైతే ఈ నిబంధనల నుంచి పక్కకి జరగొచ్చు అని. ఇంకా ఒక అడుగు ముందుకేసి, రూల్ ప్రకారమే వెళ్ళాను కాబట్టి నా తప్పు లేదు అంటే కుదరదు, నావికుడికి ఉండాల్సిన మామూలు జాగ్రత్త వదిలేస్తే బాధ్యత నీదే అని కూడా చెప్తుంది. అమెరికా విమానయాన నిబంధనల్లో కూడా పైలట్‌కి ఇలాంటి హక్కు ఉంది. గాల్లో ఎమర్జెన్సీ వస్తే దాన్ని ఎదుర్కోడానికి ఎంత అవసరమో అంత మేరకు ఏ రూల్ అయినా తప్పొచ్చు, తర్వాత అడిగితే రాతపూర్వకంగా రిపోర్ట్ ఇవ్వాలి. ఇందులో "ఎంత అవసరమో అంత మేరకు", "తర్వాత రాసివ్వాలి" ఈ రెండు ముక్కలు గుర్తు పెట్టుకోండి, నేను చెప్పబోయేదంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

2009 జనవరి 15న న్యూయార్క్‌లో హడ్సన్ నది మీద దిగిన విమానం సంగతి చాలామందికి తెలుసు. పైకి లేచిన కాసేపటికే పక్షులు తగిలి రెండు ఇంజన్లూ పోయాయి, అప్పుడు ఎత్తు మూడు వేల అడుగులు కూడా లేదు. రెండు ఇంజన్లూ పోతే ఏం చెయ్యాలో చెప్పే చెక్‌లిస్ట్ ఉంది కానీ అది ఇరవై వేల అడుగుల పైన పోతే ఏం చెయ్యాలి అనే ఊహతో రాసింది, అంత టైమ్ ఉంటుందనుకుని. నీళ్ళలోకి దిగేదాకా వాళ్ళకి ఉన్నది మూడున్నర నిమిషాలు. కెప్టెన్ సల్లెన్‌బర్గర్ చెక్‌లిస్ట్‌లో ఎక్కడో కింద ఉన్న పని, తోకలో ఉండే చిన్న సహాయక పవర్ యూనిట్ ఆన్ చెయ్యడం, దాన్ని మొదట్లోనే చేసేసాడు. దాని వల్ల కరెంటు పోలేదు, విమానం చివరిదాకా కంట్రోల్లో ఉంది, 155 మందీ బతికారు. దర్యాప్తు చేసినవాళ్ళు కూడా అది మంచి నిర్ణయం అన్నారు.

ఈ కథ చెప్పేవాళ్ళు ఒకటి వదిలేస్తారు. ఆయన చెక్‌లిస్ట్‌ని విసిరేయలేదు, పక్కనున్న కో పైలట్ దాన్ని వరసగా చేస్తూనే ఉన్నాడు, చివరిదాకా రాలేకపోయాడు అంతే. ఒక్క అంశాన్ని ముందుకి జరిపారు, అది కూడా దాదాపు ఇరవై వేల గంటలు నడిపిన చేతులతో, ఆ పని ఎందుకు అక్కడ ఉందో, ముందు చేస్తే ఏమవుతుందో తెలిసి జరిపారు.

ఇప్పుడు నా సంగతి. ఒక నైట్ షిఫ్ట్‌లో కూలింగ్ వాటర్ పంప్ మెకానికల్ సీల్ (షాఫ్ట్ దగ్గర నీళ్ళు కారకుండా ఆపేది) పోయింది, నీళ్ళు షాఫ్ట్ పక్కనుంచి చిమ్ముతున్నాయి, స్టాండ్‌బై పంప్ అప్పటికే విప్పి ఉంది. కొత్త సీల్ స్టోర్స్‌లో ఉంది, స్టోర్స్ తాళం సెక్యూరిటీ దగ్గర ఉంది. రూల్ ఏంటంటే డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకంతో ఇండెంట్ (సామాను కావాలని రాసే కాగితం), దాని మీద స్టోర్స్ ఆఫీసర్ సంతకం, రెండూ లేకుండా ఒక్క బోల్ట్ కూడా బయటికి రాకూడదు. ఇద్దరికీ నాలుగేసి సార్లు ఫోన్ చేసా, ఎత్తలేదు. సెక్యూరిటీ గార్డ్‌తో "తాళం నువ్వే తియ్యి, నాతో పాటే లోపలికి రా" అన్నా. సీల్ ఒకటి, ఓ-రింగులు (రబ్బరు వలయాలు) రెండు తీసా, రిజిస్టర్‌లో పార్ట్ నంబర్, ఎన్ని తీసానో, టైమ్ 2:40, ఏ పంప్‌కో, "ఇండెంట్ లేకుండా తీసాను, ఫోన్లు ఎత్తలేదు" అని రాసి సంతకం పెట్టా, గార్డ్‌తో పెట్టించా, ఖాళీ డబ్బా స్టోర్స్ ఆఫీసర్ టేబుల్ మీద ఆయన కుర్చీకి ఎదురుగా పెట్టా. నాలుగింటికల్లా పంప్ తిరిగింది. పొద్దున ఆయన వచ్చేసరికి ఇంటికి పోకుండా స్టోర్స్ గుమ్మం దగ్గరే నిలబడ్డా, ఆయన పది నిమిషాలు తిట్టారు, నేను విన్నా, తర్వాత ఇండెంట్ రాయించారు. నెల తిరక్కుండా నైట్ ఎమర్జెన్సీ కోసం వేరే రిజిస్టర్ పెట్టారు, దాని మొదటి పేజీ నమూనా నేను గీసిన ఆ అడ్డదిడ్డం గీతలే.

ఇక్కడ నేను చూసుకున్నది ఏంటంటే, ఆ రూల్ ఏ పని కోసం ఉంది? సామాను ఎటు పోయిందో లెక్క తెలియడానికి. ఆ పని నా రాత, గార్డ్ సంతకం, ఖాళీ డబ్బా చేసాయి. అంటే రూల్ అక్షరం తప్పింది కానీ రూల్ ఏ పని చెయ్యాలో ఆ పని ఇంకో దారిలో జరిగిపోయింది. నా లెక్క తప్పైతే పోయేది నా మర్యాద, మహా అయితే నా మీద ఒక మెమో, ఇంకెవరికీ దెబ్బ లేదు, వెనక్కి తీసుకోలేని పని కూడా కాదు. దాచాలని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఈ దాచాలనిపించడం అనేది నాకు బాగా పనికొచ్చిన గుర్తు. మీరు దాటబోయే రూల్ గురించి లాగ్‌బుక్‌లో మీ చేత్తో మీరే రాయగలరా అని అడిగి చూసుకోండి, చెయ్యి వెనక్కి పోతుంటే లోపల మీకే ఏదో తేడా తెలుస్తున్నట్టు.

ఇక రెండోది, ఇది రాయడం నాకు కష్టమే కానీ మీకు పనికొస్తుంది.

మెషిన్ మీద చెయ్యి పెట్టే ముందు బ్రేకర్ ఆఫ్ చేసి తాళం వెయ్యాలి, ట్యాగ్ కట్టాలి, ఆ తర్వాత మళ్ళీ మెషిన్ దగ్గరికొచ్చి స్టార్ట్ బటన్ నొక్కి నిజంగా తిరగట్లేదా అని చూడాలి. ఆ చివరిది రెండు నిమిషాల పని, ప్యానెల్ రూమ్ నుంచి మెషిన్‌కి నడిచి రావడమే. ఎన్ని వేలసార్లు నొక్కి ఉంటానో, ఒక్కసారి కూడా తిరగలేదు. ఆ రోజు ఒక ఫ్యాన్ బెల్ట్ మార్చాలి, బ్రేకర్ నేనే ఆఫ్ చేసా, తాళం నా కళ్ళ ముందే పడింది, హెల్పర్ అక్కడ బెల్ట్ గార్డ్ విప్పి రెడీగా ఉన్నాడు, నొక్కాల్సిన పని ఏముంది అనుకుని "కానివ్వు" అన్నా. రెండు వారాల ముందు ప్యానెల్ మార్చినప్పుడు రెండు బ్రేకర్ల లేబుల్స్ తారుమారయ్యాయి. నేను తాళం వేసింది పక్క ఫ్యాన్‌కి. ఇది టెంపరేచర్ చూసుకుని దానంతట అదే స్టార్ట్ అయ్యే ఫ్యాన్. అబ్బాయి బెల్ట్ పట్టుకుని లాగుతున్నాడు, అది తిరిగింది. రెండు వేళ్ళ చివర్లు పోయాయి. ఇరవై రెండేళ్ళ కుర్రాడు. ఇంకా వారం తర్వాత కూడా "సార్ మీ తప్పేం లేదు" అని వాడే నాకు చెప్పాడు, ఆ మాట ఇప్పటికీ మొయ్యలేకపోతున్నా.

ఆ రోజు నాకు నా మీద ఎంత నమ్మకం ఉందంటే స్టోర్స్ తాళం తీయించిన రాత్రి కంటే ఎక్కువ ఉంది. అదే అసలు విషయం అండీ. లోపలినుంచి చూస్తే కరెక్ట్‌గా ఉన్న నమ్మకం, తప్పుగా ఉన్న నమ్మకం రెండూ ఒకేలా అనిపిస్తాయి, తేడా ఉండదు. నా తెలివికి లోటు రాలేదు, నా దగ్గరున్న సమాచారం తప్పు, అది తప్పని చెప్పేది ఆ బటన్ ఒక్కటే, దాన్ని నేను నొక్కలేదు. కొన్ని రూల్స్ కచ్చితంగా మీకు ఫుల్ నమ్మకం ఉన్న రోజు కోసమే రాస్తారు. బటన్ నొక్కి చూడటం, మందు ఇచ్చే ముందు పేషెంట్ పేరు మళ్ళీ అడగటం, డబ్బు పంపే ముందు ఇంకో మనిషి అకౌంట్ నంబర్ చదవటం, మీ రెండో సంతకం, ఇవన్నీ ఒకే జాతి. ఇలాంటి రూల్‌ని "నాకు ఖాయంగా తెలుసు" అనే కారణంతో దాటకూడదు, ఎందుకంటే ఆ కారణాన్ని నమ్మకూడదనే ఆ రూల్ పుట్టింది. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో ఎనిమిది నగరాల్లో ఎనిమిది ఆసుపత్రుల్లో ఆపరేషన్ ముందు పంతొమ్మిది అంశాల చెక్‌లిస్ట్ పెట్టారు, అందులో టీమ్‌లో వాళ్ళు ఒకరికొకరు పేరు చెప్పుకోవడం లాంటివి కూడా ఉన్నాయి, సర్జన్లకి తెలియని విషయం అందులో ఒక్కటీ లేదు, అయినా మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి.

ఇంకో రకం రూల్ ఉంది, అవతలివాడు మీరు దాన్ని పాటిస్తారని నమ్మి తన పని తాను చేసుకుంటాడు. 2002 జులై 1 రాత్రి జర్మనీలో ఉబెర్‌లింగెన్ అనే ఊరి మీద రెండు విమానాలు ఒకదాని దారికి ఒకటి అడ్డంగా వచ్చాయి. రెండింట్లోనూ ఢీకొనకుండా చెప్పే మెషిన్ ఉంది, అది ఒకదానికి పైకెళ్ళమంది, ఇంకోదానికి కిందికి దిగమంది. కానీ పైకెళ్ళాల్సిన విమానానికి కింద కంట్రోలర్ దిగమని చెప్పాడు, వాళ్ళు మనిషి మాట విన్నారు. రెండోవాళ్ళు మెషిన్ మాట విని దిగారు. ఇద్దరూ దిగుతూనే గుద్దుకున్నారు, 71 మంది పోయారు. అప్పటికి మెషిన్ చెప్పింది వినాలా మనిషి చెప్పింది వినాలా అనేది అందరికీ ఒకేలా స్పష్టంగా లేదు, ఆ తర్వాత స్పష్టం చేసారు, మెషిన్ చెప్పిందే వినాలి అని. ఇలాంటి చోట ఎంత గొప్ప జడ్జిమెంట్ ఉన్నా వాడకూడదు, ఎందుకంటే ఎదుటివాడు మీ బుర్రలోకి చూడలేడు, మీరు రూల్ ప్రకారం చేస్తారు అనే ఒక్క ఆధారం మీదే వాడు కదులుతున్నాడు. రోడ్డు మీద ఏ వైపు వెళ్ళాలనేది కూడా అంతే కదా.

కారణం తెలియని రూల్ సంగతి వేరే చెప్పాలి. చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో 1986 ఏప్రిల్ 26న పేలిన రియాక్టర్‌లో కనీసం ఇన్ని కంట్రోల్ రాడ్స్‌కి (అణుచర్యని అదుపు చేసే కడ్డీలు) సమానమైన మార్జిన్ ఎప్పుడూ ఉంచుకోవాలి అని ఒక రూల్ ఉంది, ఆ రాత్రి ఆపరేటర్లు దాన్ని దాటి కిందికి పోయారు. మొదట తప్పంతా వాళ్ళదే అన్నారు. 1992లో అంతర్జాతీయ నిపుణుల బృందం మళ్ళీ చూసి, డిజైన్‌లోనే పెద్ద లోపం ఉంది, ఆ పరిస్థితిలో ఆపేసే బటన్ నొక్కితేనే పవర్ పెరిగే ప్రమాదం ఉంది, ఆ మార్జిన్‌కి భద్రతతో అంత సంబంధం ఉందని ఆపరేటర్లకి ఎవరూ చెప్పలేదు అన్నారు. వాళ్ళ దృష్టిలో అది చిన్న రూల్. కాబట్టి మీకు ఒక రూల్ పనికిరానిదిగా కనిపిస్తే అది నిజంగానే పనికిరానిదై ఉండొచ్చు, లేదా దాని కారణం మీదాకా రాలేదేమో, ఈ రెండిట్లో ఏదో తేల్చుకోకుండా ముట్టుకోకండి. పాత రికార్డులు తిరగేయండి, ఎక్కువ ఏళ్ళున్న ఫిట్టర్‌ని అడగండి, "ఇది ఎప్పుడు పెట్టారు, అప్పుడేమైంది" అని. చాలా రూల్స్ వెనక ఒక మనిషి గాయం ఉంటుంది, మా దగ్గర ఇప్పుడు బటన్ నొక్కేటప్పుడు ఇద్దరు ఉండాలి, ఎందుకో కొత్తవాళ్ళకి నేనే చెప్పేవాడిని. కింద పనిచేసేవాళ్ళకి కారణం చెప్పకుండా రూల్ అంటించి వదిలేసే మేనేజర్లది కూడా తప్పే, ఇది గట్టిగా అంటున్నా.

మీ సీనియర్ల సంగతికి వస్తా. వాళ్ళు రోజూ దాటుతున్నారు, ఏమీ కావట్లేదు. ఏమీ కాకపోవడం అనేది రుజువు కాదండీ. ఛాలెంజర్ అంతరిక్ష నౌక 1986 జనవరి 28న పేలి ఏడుగురు పోయారు కదా, దానికి కారణమైన రబ్బర్ రింగు దెబ్బతినడం 1981లో ఆ రకం నౌకల రెండో ప్రయాణంలోనే కనిపించింది. అలా జరక్కూడదు అని డిజైన్‌లో ఉంది. కానీ ప్రతిసారీ క్షేమంగా తిరిగి రావడంతో, ఇంతవరకైతే పర్లేదు అనుకుంటూ పోయారు, ముందు రాత్రి చలి ఎక్కువగా ఉంది వద్దు అని ఇంజనీర్లు మొత్తుకున్నా ఆపలేదు. రోజూ దాటే రూల్‌ని జడ్జిమెంట్ అనకూడదు, అది అలవాటు. నిజంగా రోజూ దాటాల్సి వస్తోందంటే ఆ రూల్ తప్పుగా ఉన్నట్టు, దాన్ని మార్పించాలి, దొంగచాటుగా బతికించకూడదు. సీనియర్లని ఎవరూ అడగకపోవడం వాళ్ళ అదృష్టం మాత్రమే, మీరు దాన్ని చూసి నేర్చుకోకండి.

అలా అని చెప్పినట్టు వింటూ కూర్చోమని కూడా అనట్లేదు. 1988 జులై 6న నార్త్ సీలో పైపర్ ఆల్ఫా ఆయిల్ ప్లాట్‌ఫాం కాలిపోయినప్పుడు, పుస్తకం ప్రకారం అందరూ వసతి గదుల దగ్గర చేరి హెలికాప్టర్ కోసం ఆగాలి. మంటలు పొగ వల్ల హెలికాప్టర్ దిగే పరిస్థితే లేదు. అక్కడే ఆగినవాళ్ళలో చాలామంది పొగకి పోయారు, కొందరు వద్దన్న పని చేసి కిందికి దిగి, పైనుంచి సముద్రంలోకి దూకి బతికారు. మొత్తం 167 మంది చనిపోయారు, ప్లాట్‌ఫాం మీద బతికింది 61 మంది. అదే ప్రమాదం మొదలైంది ఎక్కడో చూడండి, ఒక పంప్‌కి సేఫ్టీ వాల్వ్ తీసేసారన్న పర్మిట్ సంగతి రాత్రి షిఫ్ట్‌కి అందలేదు, వాళ్ళు ఆ పంప్ స్టార్ట్ చేసారు. సాయంత్రం ఒక చిన్న కాగితం రూల్ సరిగ్గా జరక్కపోవడం వల్ల మంట పుట్టింది, రాత్రి ఒక రూల్‌ని వదిలేసిన వాళ్ళు బతికారు. నేను షిఫ్ట్ అప్పగించేటప్పుడు పర్మిట్లు ఒక్కొక్కటి చేతిలో పెట్టి చదివించేవాడిని, విసుక్కునేవాళ్ళు, పర్లేదు.

తేడా ఎక్కడుందో గమనించారా, దూకినవాళ్ళకి రూల్ ఏ ఊహ మీద రాసారో ఆ ఊహ (హెలికాప్టర్ వస్తుంది అనేది) కళ్ళ ముందే కూలిపోయింది. రూల్ పక్కన పెట్టడానికి నాకు తెలిసిన బలమైన కారణం అదొక్కటే, ఆ రూల్ ఏ పరిస్థితి కోసం రాసారో ఆ పరిస్థితి ఇక్కడ లేదు అని చూపించగలగడం. తొందరగా ఉంది, బోర్ కొడుతోంది, అందరూ అలాగే చేస్తున్నారు, ఇవి కారణాలు కావు.

తొందర గురించి ఇంకొక్క మాట, ఎందుకంటే మీ విషయంలో జరిగింది అదే. 1960లో అమెరికా ఔషధ నియంత్రణ విభాగంలో కొత్తగా చేరిన ఫ్రాన్సిస్ కెల్సీ గారి టేబుల్ మీదకి థాలిడోమైడ్ అనే మందు ఫైల్ వచ్చింది, అప్పటికే వేరే దేశాల్లో అమ్ముతున్నారు, కంపెనీ వాళ్ళు త్వరగా కానివ్వమని పదే పదే వెంటపడ్డారు. ఆవిడ భద్రత వివరాలు సరిపోవు, ఇంకా కావాలి అని నిబంధన ప్రకారం వెనక్కి పంపుతూనే ఉన్నారు. 1961 చివరికి ఆ మందు వేసుకున్న గర్భిణులకి పుట్టిన పిల్లలకి అవయవాలు సరిగ్గా లేవని బయటపడింది. రూల్‌ని పట్టుకుని నిలబడటం కూడా సొంత జడ్జిమెంటే. అర్జెంట్ అంటున్నది ఎవరు, ఆలస్యమైతే నష్టం ఎవరికి, తప్పైతే నష్టం ఎవరికి, ఈ ముగ్గురూ వేరు వేరు మనుషులైతే మీరు నెమ్మదించాలి.

ఇప్పుడు మీ రిపోర్ట్. మీ లెక్కలు కరెక్టే అని నమ్ముతున్నా, కానీ రెండుసార్లు చూసింది మీరే, ఒకే కళ్ళు. నా ఫ్యాన్ లాంటిదే ఇది. నేనైతే ముందు అదే పని తెలిసిన ఇంకెవరినైనా, వాళ్ళకి సంతకం పెట్టే అధికారం లేకపోయినా సరే, కూర్చోబెట్టి అంకెలు నా నోటితో కాకుండా వాళ్ళ చేత చదివించేవాడిని. సెలవులో ఉన్నాయనకి ఒక ఫోన్ చేసి చూసేవాడిని. మీ మేనేజర్‌కి ఫలానా టైమ్‌కి ఫలానా కారణంతో పంపాలనుకుంటున్నా అని పంపకముందే ఒక మెయిల్ పెట్టేవాడిని. అయినా పంపక తప్పకపోతే, రిపోర్ట్ పైన పెద్ద అక్షరాల్లో "తాత్కాలికం, రెండో పరిశీలన జరగలేదు" అని రాసి పంపేవాడిని, అప్పుడు అవతలివాళ్ళు దేన్ని నమ్ముతున్నారో వాళ్ళకి తెలుస్తుంది. మీరు చేసిన అసలు పొరపాటు ఒక్క సంతకంతో పంపడం కాదు, మామూలు రిపోర్ట్‌లా పంపడం. ఇద్దరు చూసారని వాళ్ళు అనుకున్నారు.

చీవాట్లు పడ్డాయని ముడుచుకుపోవద్దు, ఆ వేడి చల్లారేలోపే ఒక పేజీ రాయండి: సెలవుల్లో రెండో సంతకం ఎవరు పెట్టాలి, ఎవరూ లేకపోతే తాత్కాలిక రిపోర్ట్ ఎలా ఉండాలి, ఎన్ని రోజుల్లో దాన్ని ఫైనల్ చెయ్యాలి. మీ సీనియర్ల దగ్గరికి కూడా తీసుకెళ్ళండి, వాళ్ళు రోజూ దాటుతున్నారంటే ఈ ఇబ్బంది వాళ్ళకీ ఉన్నట్టే, కింద వాళ్ళ పేర్లు కూడా పెట్టించండి. తర్వాత మేనేజర్ ఏమన్నారో వీలైతే ఇక్కడే రాయండి, ఆ పేజీ ముసాయిదా పెడితే నేను చదివి చెప్తా.